మాలపల్లి నవల – మన పిల్లల స్నేహములు

స్నేహమునకు పెట్టుబడి అక్కఱలేదందురు. గాంధీ గంజ్‌లో ఆడ్తి దుకాణపు యజమాని కుమారుడును, అట్టి దుకాణము ముందు బస్తాలు దించు హమాలీ కుమారుడును తరగతిలో ఒకే బల్లపై కూర్చుందురు. ఒకరి డబ్బాలోని రొట్టెను మరియొకరు పంచుకొందురు. పండ్రెండు, పదుమూడేండ్ల వఱకు ఈ స్నేహమునకు అడ్డు కానరాదు. ఆ పైని ఎవరి తండ్రి ఎవరు, ఎవరి మాట ఎక్కడ చెల్లును అను తెలివి పిల్లలకు మెల్లమెల్లగా అబ్బును. అప్పుడే స్నేహమునకు నిజమైన పరీక్ష. ఈ పరీక్షను చూపిన గొప్ప నవల మన భాషలో కలదు. అది ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు దానిని ఏల చదివింపవలెనో, ఎట్లు చదివింపవలెనో తల్లిదండ్రులకు విన్నవించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

లక్ష్మీనారాయణగారు 1877లో గుంటూరు మండలమందలి వేములూరుపాడున జన్మించిరి. విదేశమునకు వెళ్లి బారిస్టరు చదువు ముగించి వచ్చిరి. 1921లో పల్నాటి పుల్లరి సత్యాగ్రహ సందర్భమున చెఱసాల కేగిరి. అచ్చటనే ‘మాలపల్లి’ని వ్రాసిరి. 1922లో అది గ్రంథరూపమున వెలువడెను. ఆ సంవత్సరముననే ఆయనయు, ఆయన భార్య లక్ష్మీబాయమ్మగారును స్త్రీల చదువు కొఱకు గుంటూరులో శారదా నికేతనమును స్థాపించిరి. ఆయన 1958లో కీర్తిశేషులైరి.

పేరు చూచి కొందఱు తల్లిదండ్రులు సంకోచింపవచ్చును. ఆ పేరు నిందకు పెట్టినది కాదు. ఊరి వెలుపలికి నెట్టబడిన పల్లెను కథకు నడుమకు తెచ్చుటకు పెట్టినది. ఈ నవలకు ‘సంగవిజయము’ అను మరియొక పేరు కూడ కలదు.

ఆ సంగడు, అనగా సంగదాసు, మాలపల్లెకు చెందిన రామదాసు కుమారుడు. చౌదరయ్య అను భూస్వామి యింట పాలేరు. చౌదరయ్య కుమారుడు రామానాయుడు. పాలేరును, యజమాని కుమారుడును ప్రాణమిత్రులు. మనుష్యులందఱును సమానులను భావము ఇరువురిని కలిపినది. ఇంతలో కూలి విషయమున తగవు పుట్టెను. పనివారి పక్షమున నిలిచిన సంగదాసును చౌదరయ్య కోపావేశమున కొట్టగా, ఆ దెబ్బకు అతడు మరణించెను. ధనమును, పలుకుబడియు గల చౌదరయ్యకు శిక్ష పడలేదు. కుమారుని గోల్పోయిన రామదాసు కుటుంబమే తరువాత భూమిని గోల్పోయి చెఱసాల పాలయ్యెను. రామదాసు పెద్ద కుమారుడు వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడను పేర ధనికులను దోచి పేదలకు పంచువాడయ్యెను.

ఇక రామానాయుని సంగతి ఆలోచింపుడు. చనిపోయినవాడు మిత్రుడు, చంపినవాడు కన్నతండ్రి. ఇంటి పరువు నోరు మూయుమనును. స్నేహము నోరు విప్పుమనును. రామానాయుడు మిత్రుని ఆశయములనే తనవిగా చేసికొనెను. యౌవనమున కాలుమోపు పిల్లలకు ఈ నవల అందింపదగిన ముఖ్యమైన ఘట్టమిదియే.

రహస్యమును కాపాడుట స్నేహధర్మమని మన పెద్దలు చెప్పిరి. భర్తృహరి సన్మిత్రుని లక్షణములు చెప్పుచు, మిత్రుని గుట్టును దాచుట అందు ఒకటిగా పేర్కొనెను. అయితే ఆ లక్షణములలో ఆయన మొట్టమొదట చెప్పినది మిత్రుని పాపమునుండి మరలించుట. ఈ వరుసను మనము మఱచుచున్నాము. మిత్రుని యింటి పేదఱికమును, రోగమును, అవమానమును దాచుట ఒకటి. బలవంతుని తప్పును దాచుట మరియొకటి. మొదటిది స్నేహము. రెండవది భయము గాని, లాభము గాని అగును.

ఉదాహరణకు, పలుకుబడి గల యొకరి కుమారుడు బడిలో కిటికీ అద్దము పగులగొట్టెననుకొందము. నింద పేదపిల్లవానిపై పడినది. నిజము చూచిన మూడవవాడు హమాలీ బిడ్డ. “నేను చెప్పినచో మా నాయనకు పని పోవునేమో” యని అతడు ఊరకుండును. తప్పు చేసిన బాలుడు మాత్రము, “వాడు నా మిత్రుడు, నా రహస్యమును కాపాడినాడు” అని సంతసించును. ఒకని భయమును మరియొకడు స్నేహమని భ్రమించుచున్నాడు! అధికారము గల యింట పుట్టినవారికి ఈ భ్రమ సులభముగా కలుగును. అది వారి దుర్మార్గము కాదు; వారికి ఎవరును తెలియజెప్పకపోవుట వలన కలుగునది. ‘మాలపల్లి’ ఆ తెలియజెప్పు పని చేయును.

ఈ నవలనే దాచవలెనని నాటి ప్రభుత్వము యత్నించెను. మదరాసు ప్రభుత్వము దీనిని నిషేధించి, 1928లో కొన్ని భాగములను తొలగించిన పిమ్మట అనుమతించి, 1936లో మరల నిషేధించెను. 1937లో కాంగ్రెసు మంత్రివర్గము వచ్చిన పిదపనే ఆ నిషేధము తొలగెను. పాలేరు కథ అధికారులను అంత కలవరపఱచినదన్నమాట.

ఇది గుంటూరు కథ, బీదరుకు దీనితో పనియేమి యనవలదు. మన బీదరు 1948 సెప్టెంబరు వఱకు నిజాము రాజ్యమునను, 1956 నవంబరు 1 వఱకు హైదరాబాదు రాష్ట్రమునను ఉండెను. ఆ రాజ్యమందలి తెలుగు పల్లెలలో దొరల గడీలు, వెట్టిచాకిరి ఎట్లుండెనో దాశరథి రంగాచార్యులుగారు ‘చిల్లర దేవుళ్ళు’ నవలలో చిత్రించిరి. దానికి 1971లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. ‘మాలపల్లి’ తరువాత కొంచెము పెద్ద పిల్లలు దానిని చదువవచ్చును. అమెరికాలో హార్పర్ లీ 1960లో ప్రకటించిన ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ నవలలోను ఒక న్యాయవాది బిడ్డలు తమ ఊరి పెద్దమనుష్యుల అన్యాయమును కన్నులార చూచుదురు. దేశమేదైనను ప్రశ్న యొక్కటియే.

ఇట్టి కథ పిల్లలను పెద్దలపైకి ఉసికొల్పునేమో యని కొందఱు శంకింపవచ్చును. రామానాయుని కథ పెద్దలను ద్వేషింపుమని చెప్పదు. తప్పు ఎవరు చేసినను తప్పేయని చెప్పును. ఈ మాట పిల్లలకు ఇంటిలోనే అలవడినచో, రేపు తమకు అన్యాయము జరిగినపుడు వారు తల్లిదండ్రుల యొద్దనే నోరు విప్పుదురు. ఇంట దాపఱికము నేర్చిన పిల్లలు తమ కష్టమును కూడ దాచుకొందురు.

పిల్లలు ఎట్లు చదువవలెను? నవల పెద్దది. భాష గుంటూరు సీమ పలుకుబడి. నిత్యము కన్నడమును, ఉర్దూను వినుచు పెరుగు మన పిల్లలకు కొన్ని మాటలు తెలియవు. కావున ఆదివారమునాడు తల్లియో, తండ్రియో ప్రక్కన కూర్చుండి పదేసి పుటలు బిగ్గరగా చదివింపవలెను. తెలియని మాటకు మన ఇంటి మాట చెప్పవలెను. వేదాంత చర్చలును, దీర్ఘమైన గీతములును మొదటిసారి విడిచినను దోషము లేదు. సంగదాసు మరణ ఘట్టము వద్ద ఆగి మూడు ప్రశ్నలు అడుగుడు: ఇక్కడ నిజము ఎవరికి తెలియును? దాచుట వలన ఎవరికి మేలు? ఎవరికి కీడు? జవాబును మీరు చెప్పవలదు. పిల్లవానినే చెప్పనిండు.

తెలుగు బడికి పిల్లలను పంపుట వలన మనకు దక్కునది అక్షరములు మాత్రమే కాదు. ఈ భాషలో నూఱేండ్లకు పూర్వమే ఒక పాలేరును కథానాయకుని చేసి వ్రాసినవారు కలరు. ఆ సంపదను పిల్లల కందించుట మన వంతు. ఒకే బల్లపై కూర్చున్న ఇరువురు బాలురు పెద్దవారైన పిమ్మట కూడ గాంధీ గంజ్ వీథిలో ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకొనగలిగినచో, మన చదువు ఫలించినట్లే.