యంత్రముల ఉమ్మడి భాష

వైద్యశాలలో రక్తమును పరీక్షించు యంత్రములు పెక్కు గలవు. ఒక్కొక్కటి ఒక్కొక్క తీరున ఫలితము తెలిపినచో, దానిని భద్రపరచు కంప్యూటరు గ్రహింపజాలదు. చేతితో ఎక్కించినచో పొరపాట్లు దొరలును.

రక్తములోని గ్లూకోజు '5.5' అని మాత్రమే వచ్చినదనుకొనుడు. లీటరుకు మిల్లీమోలులైనచో రోగికి భయము లేదు. ఇంకొక కొలతలో ఇదియే డెసిలీటరుకు 99 మిల్లీగ్రాములు. కాని ఆ 5.5 మిల్లీగ్రాములే అయినచో ప్రాణాపాయము!

ఈ చిక్కు తీర్చుటకై అమెరికాలో 1987లో హెచ్.ఎల్.7 సంస్థ వెలసెను. అది ఏర్పరచిన సందేశములలో రోగి గుర్తు, పరీక్ష పేరు, విలువ, కొలత తమ తమ స్థానములందే యుండును; నిలువు గీతలు వానిని వేరుపరచును. పరీక్షల పేర్లకు ఇండియానాపోలిస్‌లోని రీగెన్‌స్ట్రీఫ్ సంస్థ 1994లో 'లోయింక్' సంకేతములను కూర్ప నారంభించెను.

పేరును, కొలతయు లేని సంఖ్య చిరునామా లేని జాబు వంటిది.