తోడేకొద్దీ ఊరుతుందా?

తోడేకొద్దీ ఊరుతుందని బావి గురించి పెద్దలు చెప్పేవారు. ఎగువన చెరువు, చుట్టూ తడి పొలాలు, ముప్పై అడుగుల్లో నీళ్లు ఉన్న ఊళ్లో ఆ మాట నిజమే. హైదరాబాద్‌కు వచ్చి స్థిరపడ్డ మనం ఆ నమ్మకాన్ని కూడా వెంట తెచ్చుకున్నాం. ఎండాకాలంలో ఏ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్‌లో కూర్చున్నా అదే వినిపిస్తుంది: ఇంకో బోరు వేయిద్దాం, ఇంకో ట్యాంకర్ చెబుదాం. ఇంకో బ్రాంచి తెరిస్తే కష్టాలు తీరతాయనుకునే చిరు వ్యాపారిదీ అదే నమ్మకం. నగరం ఎదగొద్దని ఎవరూ అనరు. పిల్లల చదువులు, కొలువులు అన్నీ ఇక్కడే ఉన్నాయి. కానీ ఆ ఎదుగుదల మన పిల్లల కాలానికీ నిలవాలంటే ఎంత తోడుతున్నాం, ఎంత ఊరుతోంది అని లెక్క చూసుకోక తప్పదు. ఆ లెక్క చూడనివ్వకుండా మనల్ని పక్కదారి పట్టిస్తున్న అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: బోరు ఇంకా లోతుగా దించితే నీళ్లకు కరువుండదు.

వాస్తవం: హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్ రాయి. ఇసుక నేలల్లోలాగా ఇక్కడ భూమి అడుగున నీరు నిండిన మందపాటి పొరలు ఉండవు. పైన వదులుగా మారిన రాతి పొరలోనూ, దాని కింద రాతి పగుళ్లలోనూ మాత్రమే నీరు నిలుస్తుంది. లోతుకు వెళ్లేకొద్దీ ఆ పగుళ్లు తగ్గుతాయి. వెయ్యి అడుగుల బోరులో నీళ్లు పడ్డాయంటే ఏళ్ల తరబడి పగుళ్లలో చేరిన నీరు దొరికిందని అర్థం. అది ఒకరకంగా పాత పొదుపు. మోటారు పెట్టి రెండు మూడు వేసవుల్లో దాన్ని ఖర్చు చేసేస్తాం. ఈలోపు పక్క అపార్ట్‌మెంట్ వాళ్లూ అదే పగులులోకి తమ బోరు దించుతారు. ఉమ్మడి రాష్ట్రంలోనే 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వాల్టా చట్టం తెచ్చారు. బోరు వేయడం సొంత స్థలంలోనే అయినా అది సొంత వ్యవహారం మాత్రమే కాదని ఆ చట్టం ఉద్దేశం. ఆ సంగతి మనలో ఎందరికి గుర్తుంది?

అపోహ: మా డాబా మీద పడే వానకు ఇంకుడు గుంత ఎందుకు, దండగ.

వాస్తవం: ఈ లెక్క ఎవరికి వాళ్లు వేసుకోవచ్చు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. హైదరాబాద్‌లో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. 1,200 చదరపు అడుగుల డాబా అంటే సుమారు 111 చదరపు మీటర్లు. దాని మీద ఏడాదిలో 89 వేల లీటర్ల వాన కురుస్తుంది. ఆవిరయ్యేది, మొదటి వానకు దుమ్ముతో కొట్టుకుపోయేది ఐదో వంతు తీసేసినా 70 వేల లీటర్లు మిగులుతాయి. 5,000 లీటర్ల ట్యాంకర్లు పద్నాలుగు! నలుగురున్న ఇంట్లో మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున ఏడాదికి దాదాపు రెండు లక్షల లీటర్లు కావాలి. అందులో మూడో వంతుకు పైగా మన నెత్తి మీదే కురుస్తోంది. దాన్ని గొట్టంలోంచి రోడ్డు మీదికి వదిలి, ఆ రోడ్డు మునిగిందని బాధపడుతున్నాం.

గుంత తవ్వితే మన నీళ్లు పక్కింటి బోరుకు పోతాయని కొందరు వెనకాడతారు. పోవచ్చు, వాళ్ల నీళ్లు మనకూ రావచ్చు. రాతి పగుళ్లకు ప్రహరీ గోడలు ఉండవు. అందుకే వీధి వీధంతా కలిసి చేస్తేనే ఫలితం కనిపిస్తుంది.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. ఇంకుడు గుంత ఒక్కటే సరిపోతుందనుకోవడమూ అపోహే. ఇరవై ఫ్లాట్లు, ఎనభై మంది జనం, 5,000 చదరపు అడుగుల టెర్రస్ ఉన్న భవనం తీసుకుందాం. పైన పడే వానలో చేతికందేది ఏడాదికి మూడు లక్షల లీటర్లు. అవసరం 39 లక్షల లీటర్లు. పదో వంతు కూడా రాదు. మనుషులు పైపైకి పేర్చినట్టు పెరుగుతారు, వాన పడే చోటు మాత్రం పెరగదు. కాబట్టి అపార్ట్‌మెంట్లలో అసలు పని వాడకం దగ్గర మొదలవ్వాలి. ఫ్లాట్‌కో మీటర్ పెట్టి వాడినంతకే డబ్బు కట్టాలి. బిల్లును ఫ్లాట్ల లెక్కన సమానంగా పంచినంత కాలం పొదుపు చేసిన ఇల్లాలికీ, కారుతున్న కుళాయిని పట్టించుకోని ఇంటికీ ఒకటే ఖర్చు. ఆ 135 లీటర్లలో 45 లీటర్లు టాయిలెట్ ఫ్లష్‌కే పోతాయి. మురుగునీటిని శుద్ధి చేసే ఎస్‌టీపీ ఉన్న పెద్ద కమ్యూనిటీల్లో శుద్ధి చేసిన నీటిని ఫ్లష్‌కు మళ్లిస్తే అవసరం మూడో వంతు తగ్గుతుంది. అయితే ఆ గొట్టాలు విడిగా వేయాలి. కట్టేటప్పుడే వేయించుకోకపోతే తర్వాత గోడలు పగలగొట్టాల్సిందే. ఫ్లాట్ కొనేటప్పుడు స్విమ్మింగ్ పూల్ గురించి అడిగేవాళ్లు ఈ గొట్టాల గురించి కూడా అడగాలి.

ఇప్పటికే గుంత ఉన్నవాళ్లకు ఒక సూచన. గుంత తవ్వి కంకర పోసి వదిలేస్తే రెండు మూడేళ్లలో బురద పేరుకుని నీరు దిగడం మానేస్తుంది. వానలకు ముందు పైనున్న ఇసుక, కంకర తీసి కడిగి మళ్లీ వేయాలి. డ్రైనేజీ నీరు దాంట్లోకి పోనీయకూడదు. పోతే ఏకంగా భూగర్భ జలమే పాడవుతుంది.

అపోహ: చెరువు ఎండి ఏళ్లయింది, అది ఇక మామూలు భూమే. పర్మిషన్ ఉంది, బ్యాంకు లోను ఇచ్చింది, ఇంకేం భయం?

వాస్తవం: ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ. దక్కన్ చెరువు ఏడాది పొడవునా నిండి ఉండదు. ఎండాకాలం ఖాళీ అయి వానాకాలం నిండడం దాని తీరు. చెరువు లోపలి శిఖం భూమిలో వేసవిలో పుచ్చకాయలు పండించుకున్న రైతుకు ఈ సంగతి తెలుసు. నిండినప్పుడు నీరు ఎక్కడిదాకా వస్తుందో అదే ఎఫ్‌టీఎల్. 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్న కుంటైతే 9 మీటర్లు వదలాలి. పది మీటర్ల కంటే వెడల్పైన నాలాకు 9 మీటర్లు, చిన్న నాలాకు 2 మీటర్లు విడిచిపెట్టాలి.

మన చెరువులు గొలుసుకట్టువి. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండేది. నడుమ నాలాను ఒక్కచోట మూసినా నీరు తన పాత దారి వెతుక్కుంటుంది. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో నగరమంతా దాన్ని చూసింది. ఆ తర్వాత కొద్ది రోజులకే గుర్రం చెరువు కట్ట తెగి పాతబస్తీలో ఇళ్లు మునిగాయి. అంతకు ముందు 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేల మందిని పొట్టన పెట్టుకుంది. అప్పుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి, ఆయన సూచనతో 1920లో ఉస్మాన్ సాగర్, ఆ తర్వాత హిమాయత్ సాగర్ కట్టారు. వరదను ఆపడానికి కట్టిన ఆ జలాశయాలే దశాబ్దాల పాటు నగరం దాహం తీర్చాయి. నీటికి చోటిస్తే ఎంత మేలు జరుగుతుందో చెప్పడానికి మన ఊళ్లోనే ఇంత పెద్ద సాక్ష్యం ఉంది.

ఇక పర్మిషన్, లోను విషయం. బ్యాంకు చూసేది ముఖ్యంగా తన అప్పు తీరుతుందా లేదా అని. 2024లో చెరువుల ఆక్రమణలపై హైడ్రా సంస్థ కూల్చివేతలు మొదలుపెట్టాక కాగితాలు చేతిలో ఉన్నవాళ్లు కూడా వీధిన పడ్డారు. వాళ్లలో మోసపోయినవాళ్లూ ఉన్నారు, వాళ్ల బాధ చిన్నది కాదు. అందుకే కొనేముందే హెచ్‌ఎండీఏ చెరువుల పటంలో ఎఫ్‌టీఎల్ గీత చూడండి. పటం చాలదు. వానాకాలంలో స్వయంగా వెళ్లండి, ఆ ఊళ్లో పాతవాళ్లను నీరు ఎటు పారేదో అడగండి.

అపోహ: నగరాన్ని పాడుచేస్తున్నవి ఆకాశహర్మ్యాలే.

వాస్తవం: సగమే నిజం. 2006లో జీవో 86తో హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే స్థలాన్ని బట్టి ఎంత కట్టొచ్చో చెప్పే హద్దు, పోయింది. రోడ్డు వెడల్పు, విడవాల్సిన ఖాళీ స్థలం సరిపోతే ఎన్ని అంతస్తులైనా లేపొచ్చు. నీటి గొట్టం, డ్రైనేజీ, బస్సు ఏవీ లేనిచోట ముప్పై, నలభై అంతస్తులు లేవడమే కష్టాలకు మూలం. కానీ అందరం ఔటర్ రింగ్ రోడ్డు దాటి గజాల ప్లాట్లలోకి పాకితే ఇంకా నష్టం. ఒక్కో లేఅవుట్‌కూ గొట్టం, తీగ, రోడ్డు లాగాలి. ప్రతి ఇంటికీ రెండు బండ్లు తప్పవు. గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి 180 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, పంపుల మీద ఎక్కి నగరానికి వస్తున్నాయి. ఆ గొట్టాన్ని ఇంకా ఎంత దూరం సాగదీయగలం? మెట్రో, ఎంఎంటీఎస్ స్టేషన్లకు నడిచి వెళ్లగలిగే దూరంలో జనం చిక్కగా ఉండడం తప్పు కాదు. నా ఉద్దేశంలో అదే సరైన పద్ధతి.

అపోహ: సోలార్ పెద్ద బంగళాలకే. పెట్టించుకుంటే కరెంటు పోయినా మనకు వెలుగే.

వాస్తవం: వానలాగే ఎండ కూడా మన డాబా మీద పడే ఊటే. దాని గురించిన ఈ రెండు మాటలూ తప్పే. మూడు కిలోవాట్ల పలకలకు నీడ పడని 300 చదరపు అడుగులు చాలు. కిలోవాట్‌కు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు వస్తాయి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల రాయితీ ప్రకటించారు. అపార్ట్‌మెంట్ లిఫ్టు, మోటారు వంటి ఉమ్మడి అవసరాల కోసం సంఘం పెట్టించుకుంటే కిలోవాట్‌కు 18 వేలు. ఇక కరెంటు పోయినప్పుడు బ్యాటరీ లేని నెట్ మీటరింగ్ సోలార్ కూడా ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా కావాలనే అలా చేశారు. ఇది ముందే తెలిస్తే తర్వాత నిరాశ ఉండదు.

అపోహ: చెత్త వేరు చేసి ఏం లాభం, ఆటోలో అన్నీ కలిపేస్తారుగా!

వాస్తవం: కలిపితే ఊరుకోకుండా అడగాలి. తడి చెత్త పొడి చెత్తతో కలిసి గుట్టపడితే మీథేన్, నల్లటి రసం పుడతాయి. జవహర్‌నగర్ డంపింగ్ యార్డ్ పక్కన బతికేవాళ్లకు ఆ రసం తమ నీళ్లకు ఏం చేసిందో తెలుసు. అదే తడి చెత్త విడిగా ఉంటే సరుకు. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో రోజుకు పది టన్నుల దాకా మిగిలే కూరగాయల వ్యర్థాలతో బయోగ్యాస్ తీసి, రోజుకు దాదాపు 500 యూనిట్ల కరెంటు పుట్టించే ప్లాంట్ పెట్టారు. దాని వెనకున్న సాంకేతికత తార్నాకలోని పరిశోధన సంస్థ ఐఐసీటీది. ఆ కరెంటు మార్కెట్ అవసరాలకే వాడారు. పర్యావరణం చూసుకుంటే వ్యాపారం దెబ్బతింటుందనేవాళ్లు ఒకసారి ఈ మార్కెట్ గురించి ఆలోచించాలి.

అపోహ: అమ్మకాలు పెరిగితే, బ్రాంచీలు పెరిగితే వ్యాపారం పెరిగినట్టే.

వాస్తవం: మన వీధి చివర కర్రీ పాయింట్‌నే తీసుకోండి. ఒక కొట్టు బాగా నడుస్తోంది. అప్పు చేసి రెండోది, ఒక ఆఫీసుకు భోజనాల కాంట్రాక్టుతో మూడోది తెరిచారు. అమ్మకం మూడింతలైంది. కానీ అద్దె అడ్వాన్సు, వంటవాళ్ల జీతాలు, గ్యాస్ డబ్బు ఇవాళే కావాలి. ఆఫీసు బిల్లు మూడు నెలలకు వస్తుంది. కాగితం మీద లాభంలో ఉండి, గల్లాలో రూపాయి లేక మూతపడే కొట్లు ఇవే. రోజువారీ వసూళ్లే ఇక్కడ ఊట. అది ఎంతో తెలియకుండా రెండో బోరు వేయకూడదు.

చిరు వ్యాపారులు చాలామందికి తెలియని రక్షణ ఒకటి ఉంది. 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకో సేవో తీసుకున్నవారు ఒప్పందంలో ఎంత గడువు ఉన్నా 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే ‘బ్యాంకు రేటు’కు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకుని, ఆ నంబరు బిల్లు మీద వేసి పంపండి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు, అది మీ హక్కు.

మీరు అపార్ట్‌మెంట్‌లో ఉంటే వచ్చే మీటింగ్‌లో ఒక్క పని చేయండి. గత ఏడాది ట్యాంకర్ బిల్లులన్నీ కూడి మొత్తం ఎంతయిందో పైకి చదవమనండి. మీటర్లకూ, గుంత బాగుచేయించడానికీ ఎంతవుతుందో ప్లంబర్‌ను అడిగి ఆ అంకె పక్కన రాయించండి. తర్వాత కిందికి వెళ్లి ఇంకుడు గుంత మూత తీయించి చూడండి. వానలు పడక ముందే చూడండి.