వూఫర్ పోతే బాక్స్ పారేయకండి

ఇంట్లో పాత స్టీరియో "బర్ర్" మంటే ముందు గ్రిల్ తీసి వూఫర్ చూడండి. మన శ్రీకాకుళం, విజయనగరం గాలిలో తేమ ఎక్కువ. ఏళ్లు గడిచేకొద్దీ కోన్ చుట్టూ ఉన్న ఫోమ్ రింగు పొడిపొడిగా రాలిపోతుంది. కోన్ పక్కకి ఒరిగి, వాయిస్ కాయిల్ అయస్కాంతానికి రాసుకుంటుంది. ఆ చప్పుడు అదే. కాయిల్ పాడవకపోతే రింగు మారిస్తే చాలు.

సౌండే రాకపోతే వైర్లు విప్పి మల్టీమీటర్ పెట్టండి. 8 ఓమ్‌ల వూఫర్ సుమారు 6 చూపిస్తే కాయిల్ తెగలేదు. రీడింగే రాకపోతే తెగినట్టే. పైడితల్లమ్మ పండగకి వాల్యూమ్ ఫుల్ పెట్టి గంటలకొద్దీ వాయిస్తే, కాయిల్ వేడెక్కి కాలిపోతుంది.

కొత్తది కొనేటప్పుడు సైజుతో పాటు ఓమ్‌లూ చూడండి. 8 ఉన్నచోట 4 పెడితే కరెంటు దాదాపు రెట్టింపవుతుంది. అప్పుడు ఆంప్లిఫయరే పోవచ్చు.