పాటకు పెద్దపీట వేసిన ‘రజని’

రేడియో పాట గాలిలో వచ్చి గాలిలోనే కలిసిపోతుంది. గ్రామఫోను రికార్డు కొనే స్తోమత కొందరికే ఉన్న రోజుల్లో, పంచాయతీ రేడియో ముందు చేరిన జనానికి పాటను దాచుకునే చోటు జ్ఞాపకం ఒక్కటే. అటువంటి కాలంలో ఆకాశవాణి ఉద్యోగాన్ని సంగీత సాధనగా మలచుకున్న వారు శ్రీ బాలాంత్రపు రజనీకాంతరావు. శ్రోతలకు ఆయన ‘రజని’.

1920 జనవరి 29న నిడదవోలులో జన్మించిన రజనికి కవిత్వం ఇంటి సొత్తు. తండ్రి వెంకటరావుగారు వేంకట పార్వతీశ జంటకవులలో ఒకరు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో తెలుగు చదివిన రజని 1941లో మద్రాసు రేడియో కేంద్రంలో చేరారు. పాట రాయడం, బాణీ కట్టడం, పాడటం మూడూ ఆయనకు వచ్చు.

1947 నాటికి కోస్తా జిల్లాల్లో ఆకాశవాణి కేంద్రం లేదు. తెలుగు పాట మద్రాసు నుంచి రావలసిందే. ఆగస్టు 15 అర్ధరాత్రి రజని రచించి స్వరపరచిన ‘మాది స్వతంత్ర దేశం’ గీతాన్ని టంగుటూరి సూర్యకుమారి అక్కడినుంచే వినిపించారు. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం ప్రారంభమైంది. తరువాతి కాలంలో రజని ఆ కేంద్రానికి డైరెక్టరయ్యారు. తెల్లవారుజామున ఇళ్లను మేల్కొలిపిన ‘భక్తిరంజని’తో ఆయన పేరు పెనవేసుకుపోయింది. కచేరీ కీర్తనకూ సినిమా పాటకూ నడుమ లలిత సంగీతానికి ఒక గౌరవస్థానం దక్కిందంటే అందులో ఆయన కృషి చిన్నది కాదు.

పాట వినిపించి ఊరుకుంటే చాలదని, కట్టినవారి పేరు కూడా నిలవాలని ఆయన తలచారు. అన్నమయ్య, క్షేత్రయ్య, త్యాగయ్య మొదలైన వారి కృషిని ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’లో గ్రంథస్థం చేశారు. 1961లో ఆ గ్రంథానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించింది.

1978లో ఉద్యోగ విరమణ చేసినా సంగీతానికి విరామం ఇవ్వలేదు. 2018 ఏప్రిల్ 22న, 98 ఏళ్ల వయసులో, విజయవాడలో కన్నుమూశారు.

వాగ్గేయకారుల చరిత్రను రజని రాశారు. మరి రేడియో పాటల చరిత్ర మాటేమిటి? టేపులకెక్కనివి, ఎక్కినా చెరిగిపోయినవి కొందరు పెద్దల నోటనే మిగిలి ఉంటాయి. రాసినదెవరో, బాణీ కట్టినదెవరో వారికీ గుర్తుండకపోవచ్చు. వారు పాడగలిగినప్పుడే కూర్చోబెట్టి పాడించుకుని, రాసుకుని, రికార్డు చేసుకోవలసిన బాధ్యత పిన్నలది. ఆ గొంతులు ఆగిపోయాక వెతికినా ఆ పాటలు దొరకవు.