తివరా పప్పు, రెండు పరిశోధనా పత్రాలు

మన బోద్రీ చుట్టుపక్కల పొలాల్లో వరి కోతకు రాకముందే, తడి ఆరని మడిలో రైతులు తివరా గింజలు చల్లుతారు. దీన్ని ఇక్కడ ఉతేరా పద్ధతి అంటారు. మళ్లీ దున్నే పని లేదు, నీళ్లు పెట్టే పని లేదు. చలికాలంలో దీని లేత ఆకులు బజారులోకి భాజీగా వస్తాయి. హిందీలో దీని పేరు ఖేసరీ. తెలుగులో లంక పప్పు అంటారు. చూడటానికి కందిపప్పులా ఉంటుంది కాబట్టి కల్తీ భయం కూడా ఉంది.

నాడీశాస్త్రంలో పేరుపొందిన ఒక పరిశోధన ఈ పప్పు మీద జరిగింది. ఏ శాస్త్రవేత్త గురించి వెతికినా ఇన్ని పత్రాలు, ఇన్ని సైటేషన్లు అని అంకెలు కనబడతాయి. సైటేషన్ అంటే ఒకరి పత్రాన్ని మరొకరు తమ పత్రంలో పేర్కొనడం. ఆ అంకెలను ఎలా చదవాలో ఈ పప్పు ద్వారా చూద్దాం.

కరువు వచ్చి పంటలన్నీ పోయినా తివరా బతుకుతుంది. అప్పుడు పేదలు నెలల తరబడి దాన్నే తిన్నారు. కొందరికి కాళ్లు బిగుసుకుపోయి నడక పోయింది. ఆ జబ్బు పేరు న్యూరోలాథిరిజం. ఒకసారి వస్తే నయం కాదు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. అడిగ, పి.ఎస్. శర్మ గార్లు ఈ గింజలోని నరాల విషాన్ని వేరుచేసి, 1964లో 'బయోకెమిస్ట్రీ' పత్రికలో ప్రకటించారు. ఆ విషాన్ని ఓడాప్ అంటారు. అదే సంవత్సరం ఢిల్లీ శాస్త్రవేత్తలు కూడా విడిగా దీన్ని కనుగొన్నారు. నాడీకణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే గ్లూటమేట్ అనే పదార్థాన్ని ఓడాప్ అనుకరిస్తుంది. కణాన్ని అదే పనిగా రెచ్చగొట్టి చివరికి చంపుతుంది.

ఈ జబ్బు గురించి రాసేవాళ్లు ఇప్పటికీ ఆ 1964 పత్రాన్ని పేర్కొంటారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన విజయలక్ష్మి రవీంద్రనాథ్ గారు 1998లో, బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ఉండగా, తమ సహచరులతో కలిసి ఓడాప్ నాడీకణంలోని మైటోకాండ్రియాను ఎలా దెబ్బతీస్తుందో చూపించారు. సైటేషన్ అంటే ఇలా ఒకరు వేసిన మెట్టు మీద మరొకరు నిలబడటమే.

కానీ లెక్కపెట్టే యంత్రానికి మెట్టు తెలియదు, అంకె మాత్రమే తెలుసు. "ఫలానావారి ఫలితం తప్పు" అని రాసినా ఒకటి కలుస్తుంది. పైగా పద్ధతులు చెప్పే పత్రాలకు సైటేషన్లు కుప్పలుగా పడతాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫిస్క్‌తో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతి రాశారు. దాన్ని ప్రపంచమంతటా ప్రయోగశాలలు వాడుకున్నాయి, వాడిన ప్రతివాళ్లూ పేర్కొన్నారు. 1951లో లౌరీ బృందం రాసిన ప్రొటీన్ కొలత పత్రానికి మూడు లక్షలకు పైగా సైటేషన్లు ఉన్నాయి. అలాగని అదే అన్నిటికన్నా గొప్ప ఆవిష్కరణ అని ఎవరూ అనరు.

ఈ చిక్కు కొంత తగ్గించాలని భౌతికశాస్త్రవేత్త జార్జ్ హిర్ష్ 2005లో హెచ్-ఇండెక్స్ ప్రతిపాదించారు. కనీసం పదేసి సైటేషన్లు వచ్చిన పత్రాలు పది ఉంటే, ఆ శాస్త్రవేత్త సూచిక పది. ఒకే ఒక్క పత్రం రాసి దానికి వెయ్యి సైటేషన్లు వచ్చినా సూచిక ఒకటే! కాబట్టి దీన్నీ గుడ్డిగా నమ్మలేం.

కాలం సంగతి మరీ విచిత్రం. 1963లో రావు గారు సహచరులతో కలిసి ఇదే తివరా గింజల నుంచి హోమోఆర్జినిన్ అనే మరో పదార్థాన్ని వేరుచేసి ప్రకటించారు. అది విషం కాదు. రక్తంలో హోమోఆర్జినిన్ తక్కువగా ఉన్న గుండె రోగుల్లో మరణాలు ఎక్కువని 2010లో జర్మనీ పరిశోధకులు రాశాక వైద్యుల చూపు దాని మీద పడింది. మధ్యలో నలభై ఏడేళ్లు గడిచాయి. 1970లోనో 1980లోనో ఆ పత్రానికి మార్కులు వేసి ఉంటే ఏం వేసేవారు?

రావు గారు తర్వాత హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేశారు. ఈ పప్పు అమ్మకాన్ని 1961లోనే కేంద్ర నిబంధనల ద్వారా నిషేధించారు. విషాన్ని గుర్తించిన మనిషి కదా, నిషేధాన్ని సమర్థిస్తారనే అనుకుంటాం. కానీ 2013లో సూర్య ఎస్. సింగ్ గారితో కలిసి 'ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్'లో రాసిన వ్యాసంలో న్యూరోలాథిరిజాన్ని గతించిన జబ్బు అన్నారు. కరువులో అదొక్కటే తిండి అయినప్పుడే ప్రమాదమనీ, మిగతా ధాన్యాలతో కలిపి కొద్దిగా తింటే భయపడనక్కర్లేదనీ ఆయన వాదన. ఆయన పత్రాల జాబితాలో మాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. దానికి ఎన్ని సైటేషన్లు వచ్చాయో మేము చూడలేదు.

ఓడాప్ నీళ్లలో కరుగుతుంది. అందుకే పప్పును నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే కొంత విషం పోతుంది. ఇక మన రాయ్‌పూర్‌లోని ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఓడాప్ బాగా తక్కువగా ఉండే ప్రతీక్, మహాతివరా అనే రకాలను తయారుచేసింది. వాటిని ఉతేరా మడిలో చల్లే రైతు ఏ పత్రికకూ వ్యాసం రాయడు కాబట్టి, ఆ పంట ఎవరి సైటేషన్ల లెక్కలోకీ రాదు.