స్వేచ్ఛ విలువ: అల్బేనియా చెప్పే పాఠం

'కృతజ్ఞత' అనే పదాన్ని మనం నిత్యమూ వాడుతూనే ఉంటాము. దాని వ్యుత్పత్తిని మాత్రం అరుదుగా తలచుకుంటాము. కృతాన్ని, అనగా తనకు జరిగిన మేలును, ఎరిగినవాడు కృతజ్ఞుడు. కాబట్టి కృతజ్ఞతకు మూలం ఎరుక. ఎరుగని మేలుకు కృతజ్ఞత చూపడం ఎవరికీ సాధ్యం కాదు. స్వేచ్ఛ అటువంటి మేలు. ఉన్నంతకాలం అది ఉన్నట్లే తోచదు. ఉదయం లేచి నచ్చిన పత్రిక చదవడం, హోటల్లో చాయ్ తాగుతూ మంత్రిగారిని విమర్శించడం, బిడ్డకు తాతగారి పేరు పెట్టుకోవడం, అజాన్ విని మసీదుకు నడవడం - వీటిని మనమెవరమూ భాగ్యాలుగా లెక్కించము. ఇవన్నీ నేరాలుగానో అసాధ్యాలుగానో మారిపోయిన దేశమొకటి మన తండ్రుల కాలంలోనే ఉండేదని తెలిసినప్పుడు వీటి విలువ మనకు బోధపడుతుంది. ఆ దేశం అల్బేనియా.

దేశము - పాలన

అల్బేనియా ఐరోపా ఖండపు ఆగ్నేయ భాగంలో, ఏడ్రియాటిక్ సముద్ర తీరాన ఉన్న చిన్న దేశం. దాని వైశాల్యం 28,748 చదరపు కిలోమీటర్లు. మన పూర్వపు అనంతపురం జిల్లాకు సుమారు ఒకటిన్నర రెట్లు. 1912లో ఉస్మానియా సామ్రాజ్యం నుండి విడివడి స్వతంత్రమైంది. ఆనాటి జనాభాలో నూటికి 70 మంది వరకు ముస్లిములు. మిగిలినవారు ఆర్థడాక్స్, కాథలిక్ శాఖలకు చెందిన క్రైస్తవులు. 1939లో ఇటలీ, ఆ తరువాత జర్మనీ ఆ దేశాన్ని ఆక్రమించాయి. ఆక్రమణదారులతో పోరాడిన కమ్యూనిస్టు దళాలు 1944 నవంబరులో అధికారాన్ని చేపట్టాయి. వారి నాయకుడు ఎన్వర్ హోజా. ఆయన ఫ్రాన్సులో చదివినవాడు, కొంతకాలం ఫ్రెంచి అధ్యాపకుడుగా పనిచేసినవాడు. 1985 ఏప్రిల్ 11న మరణించే పర్యంతం, నలభై ఏండ్లకు పైగా, ఆ దేశానికి ఆయన మాటే శాసనం.

ఆ పాలనలో జరిగిన మేలును కాదనడం న్యాయం కాదు. యుద్ధానికి పూర్వం జనంలో అత్యధికులు నిరక్షరాస్యులు. కొత్త ప్రభుత్వం ఊరూరా బడులు తెరిచింది. 1957లో తిరానా విశ్వవిద్యాలయాన్ని స్థాపించింది. 1970 నాటికి గ్రామాలన్నింటికీ విద్యుత్తు అందించింది. స్త్రీలను చదువులకు, ఉద్యోగాలకు తీసుకొనివచ్చింది. కాని ఈ దీపాల వెలుగులో ప్రజలు ఏమి చదవాలో, ఏమి మాట్లాడాలో, ఏమి నమ్మాలో కూడ ప్రభుత్వమే నిర్ణయించింది.

పాత కాలపు నిరంకుశ ప్రభువుకు, ఇరువదవ శతాబ్దపు ఈ సర్వాధిపత్య పాలనకు గల భేదం ఇక్కడే ఉన్నది. పూర్వపు రాజు పన్ను కట్టమన్నాడు, తల వంచమన్నాడు. ఆ రెండూ చేసినవాడు ఇంటికి వెళ్ళి తలుపు వేసుకుంటే, ఆ తలుపు ఇవతల తన ఇష్టప్రకారం బ్రతికేవాడు. సర్వాధిపత్య పాలనలో ఆ తలుపు లేదు. వంటయిల్లు, పడకగది, బిడ్డల ఆటలు, చివరకు మనిషి మౌనం సైతం ప్రభుత్వ విషయాలే.

మూసిన వాకిళ్ళు

హోజా ప్రభుత్వం తన మిత్రదేశాలతో ఒక్కొక్కటిగా తెగతెంపులు చేసుకున్నది: 1948లో యుగోస్లావియాతో, 1961లో సోవియట్ యూనియన్‌తో, 1978లో చైనాతో. ప్రపంచమంతా శత్రువేనని ప్రజలకు బోధించి, పొలాలలో, కొండలపై, సముద్రపు ఒడ్డున సైతం కాంక్రీటు రక్షణ గుమ్మటాలు కట్టించింది. వాటి సంఖ్య లక్షా డెబ్బై వేల పైచిలుకు. శత్రువు ఎన్నడూ రాలేదు. ఆ సిమెంటు, ఆ ఇనుము ఇండ్లు కట్టడానికి ఉపయోగించి ఉంటే ఎన్ని కుటుంబాలకు నీడ దొరికేదో ఊహింపవచ్చును.

అనుమతి లేకుండా సరిహద్దు దాటబోవడం రాజద్రోహం. సొంత కారు కొనుక్కోవడం 1991 వరకు నిషిద్ధం. విదేశీ టెలివిజను చూడటం ప్రమాదకరం. అయినా సముద్రానికి ఆవలి ఒడ్డున ఉన్న ఇటలీ ప్రసారాల కోసం జనం ఖాళీ డబ్బాలతో రహస్యంగా పరికరాలు తయారుచేసుకునేవారు. ఒక పాట, ఒక ఫుట్‌బాల్ ఆట, ఒక వినోద కార్యక్రమం - వీటి కోసం మనిషి జైలుకు సైతం వెరవక సాహసిస్తాడంటే, వినోదం కేవలం విలాసమని ఎలా అనగలము? మనసుకు అదీ ఒక ఆహారమే.

ఈ సరిహద్దుల కాఠిన్యాన్ని తెలిపే ఉదాహరణ మన దేశంలోనే ఉన్నది. కలకత్తా నగరాన్ని కర్మభూమిగా చేసుకున్న మదర్ థెరీసా అల్బేనియన్ జాతి వనిత. ఆమె తల్లి, సోదరి తిరానాలో నివసించేవారు. కడసారి చూపుకైనా వారిని కలుసుకునే అవకాశం ఆమెకు లభించలేదు. తల్లి 1972లో, సోదరి 1973లో కన్నుమూశారు. ప్రపంచమంతా గౌరవించిన ఆ మాతృమూర్తికి తిరానా వెళ్ళే అవకాశం 1989లో గాని రాలేదు. అప్పుడామె చూడగలిగినది వారి సమాధులను మాత్రమే.

ప్రార్థన నేరమైన కాలం

1967లో ప్రభుత్వం మతంపై యుద్ధం ప్రకటించింది. 2,169 మసీదులు, చర్చీలు, మఠాలు, ఇతర ప్రార్థనా స్థలాలు మూతపడ్డాయి. కొన్ని కూల్చివేయబడ్డాయి, కొన్ని గిడ్డంగులుగా, క్రీడాశాలలుగా మారాయి. 1976 నాటి రాజ్యాంగం తన 37వ అధికరణంలో రాజ్యం ఏ మతాన్నీ గుర్తించదని శాసించింది. మత సంబంధమైన పేర్లు మార్చుకోవాలని ఆజ్ఞలు వెలువడ్డాయి. గడ్డం పెంచడం నిషిద్ధమైంది.

రంజాన్ మాసంలో, క్రైస్తవుల ఉపవాస దినాలలో, పాఠశాలలలోను పని స్థలాలలోను ఆహారం పంచిపెట్టేవారు. తినడానికి నిరాకరించినవారు ఉపవాసం ఉన్నట్లు పట్టుబడిపోయేవారు. ఇఫ్తార్ వేళ ఇంటింటి నుండి వచ్చే వంటల సువాసనకు, పిల్లల కేరింతలకు అలవాటుపడిన మనకు, కిటికీలు మూసి, పిల్లలకు సైతం తెలియకుండ రోజా విరమించవలసి రావడం ఊహకు అందని విషయం. ఏమీ ఎరుగని పిల్లవాడు బడిలో ఒక్క మాట జారితే తండ్రి జైలు పాలు కావచ్చును. కనుకనే తల్లిదండ్రులు తమ విశ్వాసాన్ని బిడ్డల నుండే దాచుకున్నారు. ఒక తరానికి మరొక తరం అందించవలసిన వారసత్వం ఈ విధంగా గొంతులోనే నిలిచిపోయింది.

ఈ వేదన ఏ ఒక్క మతానిదీ కాదు. ఒక బిడ్డకు బాప్తిస్మం ఇచ్చినందుకు ష్టెఫెన్ కుర్తి అనే వృద్ధ క్రైస్తవ గురువుకు 1970ల ప్రారంభంలో మరణశిక్ష అమలు జరిగింది. హాఫిజ్ సబ్రీ కోచి అనే ముస్లిం పండితుడు దాదాపు 20 ఏండ్లు చెరసాలలో గడిపాడు. మసీదు తాళానికి, చర్చి తాళానికి చెవి ఒక్కటే. అది ఉన్నది ఒక్కరి చేతిలోనే.

మాట - రాత - కల

రహస్య పోలీసు శాఖ పేరు సిగురిమి. తిరానాలో దాని శ్రవణ కేంద్రం ఉండిన భవనాన్ని ప్రజలు 'ఆకుల ఇల్లు' అంటారు. గోడలను తీగలు కప్పివేయడం వలన ఆ పేరు వచ్చింది. 1931లో ప్రసూతి వైద్యశాలగా కట్టబడిన ఆ ఇంట్లో పసిబిడ్డల తొలి ఏడుపు వినవలసిన గోడలు ఇతరుల సంభాషణలను దొంగచాటుగా వినడం నేర్చుకున్నాయి. 2017 నుండి అది ప్రదర్శనశాల. అయితే ఈ పాలనకు ప్రధానమైన బలం యంత్రాలు కావు, మనుషులు. పొరుగువాడు, తోటి ఉద్యోగి, ఒక్కొక్కప్పుడు బంధువు సైతం వేగులవాడు కావచ్చుననే అనుమానమే ఆ బలం. పైగా ఒకరు దోషిగా తేలితే కుటుంబమంతటికీ మచ్చ. పిల్లలకు పైచదువు లేదు, మంచి ఉద్యోగం లేదు, కొందరికి సొంత ఊరే లేదు. తన ప్రాణానికి తెగించినవాడు కూడ బిడ్డల భవిష్యత్తును తలచి నోరు మూసుకునేవాడు.

ప్రభుత్వ వ్యతిరేక ప్రచారమనే నేరానికి 1977 నాటి శిక్షాస్మృతి 3 నుండి 10 ఏండ్ల జైలు విధించింది. అంతకు పూర్వమే, 1974లో, ఫాతోస్ లుబోన్యా అనే యువకుని దినచర్య పుస్తకాలు పోలీసులకు దొరికాయి. వాటిలో హోజాపై విమర్శలున్నాయి. ఎవరికీ చూపని, ఎక్కడా అచ్చు కాని ఆ రాతల కారణంగా ఆరంభమైన అతని జైలు జీవితం, కొత్త శిక్షలు తోడై, 1991 వరకు, అనగా 17 ఏండ్లు సాగింది. మన విద్యార్థులలో దినచర్య వ్రాసుకునే అలవాటు గలవారు ఈ సంగతిని ఒక్క క్షణం తలచుకొనవలసి ఉన్నది.

భాష కూడ వేషం మార్చుకున్నది. ఆ దేశంలో పుట్టి ఇప్పుడు లండనులో ఆచార్య పదవిలో ఉన్న లేయా ఉపి 2021లో ప్రచురించిన తన స్మృతుల గ్రంథంలో ఒక విషయం తెలిపింది. ఆమె ఇంట్లో పెద్దలు బంధువుల విశ్వవిద్యాలయ చదువుల గురించి తరచుగా మాట్లాడుకునేవారట. పాలన మారిన తరువాతనే ఆమెకు అర్థం తెలిసింది: విశ్వవిద్యాలయమంటే జైలు, పట్టా పుచ్చుకోవడమంటే విడుదల కావడం, అంతర్జాతీయ సంబంధాలు చదవడమంటే రాజద్రోహ నేరం, సాహిత్యం చదవడమంటే ప్రభుత్వ వ్యతిరేక ప్రచార నేరం. సాహిత్యం బోధించే మనబోటి వారికి ఈ చివరి అర్థం గుండెను తాకుతుంది.

సుప్రసిద్ధ నవలాకారుడు ఇస్మాయిల్ కదారే 1981లో 'స్వప్న సౌధం' అనే అర్థం వచ్చే పేరుతో ఒక నవల వెలువరించాడు. ఉస్మానియా సామ్రాజ్య కాలానికి అమర్చిన ఆ కథలో ఒక ప్రభుత్వ కార్యాలయం ప్రజల కలలను సేకరించి, వర్గీకరించి, వాటిలో రాజ్యానికి కీడు సూచించే కల ఏదైనా ఉన్నదేమోనని పరీక్షిస్తుంది. అది ఎవరి కథయో పాలకులకు వెంటనే అర్థమైంది, నవల నిషేధింపబడింది. కదారే 1990లో ఫ్రాన్సులో ఆశ్రయం పొందాడు, 2024లో మరణించాడు.

అంతము - ఆరంభము

స్వేచ్ఛ లేకున్నా అన్నం ఉంటే చాలునని వాదించేవారు కలరు. 1980లలో అల్బేనియాలో అన్నానికీ కొరత ఏర్పడింది. పాల కోసం, కిరోసిన్ కోసం తెల్లవారక ముందే వరుసలు. వరుసలో తమ స్థానానికి గుర్తుగా రాళ్ళో సంచులో ఉంచేవారు. రేషన్ దుకాణం ముందు సంచి పెట్టి నిలబడటం మనకూ తెలియనిది కాదు. అయితే సరుకు అందకపోతే మనం డీలరును నిలదీస్తాము, అధికారికి అర్జీ పెడతాము, పత్రికకు లేఖ వ్రాస్తాము. అక్కడ ఆ ఖాళీ సంచిని మౌనంగా ఇంటికి తీసుకొనిపోవలసిందే. ప్రశ్నించే నోరు లేనిచోట కొరతను సరిదిద్దే చేయి కూడ ఉండదు.

1990 జూలైలో వేలాది మంది తిరానాలోని విదేశీ రాయబార కార్యాలయాల గోడలు దూకి ఆశ్రయం పొందారు. ఆ నవంబరు 4న ష్కోడర్ పట్టణంలో, 26 ఏండ్లు చెరలో మగ్గిన సిమోన్ జుబాని అనే గురువు శ్మశానవాటికలో బహిరంగంగా క్రైస్తవ ప్రార్థన జరిపించాడు. నవంబరు 16న అదే పట్టణంలోని సీసపు మసీదు తలుపులు తెరుచుకున్నాయి. నమాజుకు నాయకత్వం వహించినది జైలు నుండి బయటపడిన ఆ హాఫిజ్ సబ్రీ కోచియే. ముస్లిముల వెంట క్రైస్తవులు, క్రైస్తవుల వెంట ముస్లిములు నిలిచారు. 1991 ఫిబ్రవరి 20న రాజధాని కూడలిలోని హోజా విగ్రహాన్ని ప్రజలు కూలదోశారు.

స్వేచ్ఛతో కష్టాలన్నీ తీరలేదు. 1991 ఆగస్టులో ఒకే ఓడపై సుమారు 20 వేల మంది ఇటలీకి తరలిపోయారు. వారిలో అధికులను తిప్పి పంపారు. 1997లో మోసపు పొదుపు సంస్థలు కూలి దేశం అల్లకల్లోలమైంది. స్వేచ్ఛ కష్టాలను మాయం చేయదు. వాటిని చెప్పుకునే వీలును, సరిదిద్దుకునే మార్గాన్ని మాత్రమే ఇస్తుంది. ఆ 'మాత్రమే' ఎంత గొప్పదో పోగొట్టుకున్నవారికి తెలుసు.

మన కర్తవ్యం

ఇటువంటి ప్రమాదం పరదేశాలకే పరిమితమని అనుకోరాదు. మన దేశంలో 1975 జూన్ 25 నుండి 1977 మార్చి 21 వరకు అత్యవసర పరిస్థితి అమలులో ఉన్నది. పత్రికలపై సెన్సారు విధించారు. విచారణ లేకుండా వేలాది మందిని నిర్బంధించారు. మన 21 నెలలను అల్బేనియా నాలుగు దశాబ్దాలతో సమానం చేయడం సరికాదు. మనకు ఓటు మిగిలింది, ఆ ఓటుతో దేశం తీర్పు చెప్పింది. అయినా తాళం మన ఇంటి తలుపుకూ పడగలదని ఆ నెలలు నిరూపించాయి.

కృతజ్ఞత అంటే ఉన్నదానితో తృప్తిపడి మౌనంగా ఉండటం కాదు. మేలును ఎరిగినవాడు దానిని కాపాడుకుంటాడు. మన నమాజును గౌరవించాలని కోరే మనం పొరుగువారి పూజను గౌరవించాలి. మన మాట వినాలని కోరే మనం, తరగతి గదిలో మనతో విభేదించే విద్యార్థి మాటను కూడ వినాలి. స్నేహితుడు నమ్మి చెప్పిన రహస్యాన్ని మరొకరికి మోయకుండ ఉండటం సైతం స్వేచ్ఛకు చేసే సేవయే; వేగులవారు కరవైననాడు ఏ నియంత పీఠమూ నిలువదు.

ఉర్దూలో 'షుక్ర్' అన్నా, తెలుగులో 'కృతజ్ఞత' అన్నా ఎరుకయే దాని ప్రాణం. రేపు చాయ్ దుకాణంలో నలుగురు మిత్రులు గట్టిగా వాదించుకుంటున్నప్పుడు, ఆ వాదంలో ఎవరు గెలిచారన్నది చిన్న విషయం. వాదం ముగిశాక నలుగురూ నిర్భయంగా తమ తమ ఇండ్లకు చేరడం పెద్ద విషయం. అది ఎరిగి మసలుకోవడమే మనం చెల్లింపవలసిన కృతజ్ఞత.