ఆట డీజేది... మరి పాటెవరిది?

శనివారం రాత్రి. క్లబ్బు కిటకిటలాడుతోంది. పోస్టరు మీద డీజే పేరు. టికెట్టు మీద డీజే పేరు. ఊగిపోతున్న కుర్రకారు నోట కూడా ఆ పేరే. ఆ రెండు గంటల్లో మోగే పాతిక ముప్ఫై ట్రాకుల్లో ఒక్కటైనా ఆయన సొంతంగా చేసింది కాకపోవచ్చు. మరి చేసినవాళ్లకి ఏం ముడుతోంది? ఆ పాటలకి డీజే డబ్బు కట్టాలా, అక్కర్లేదా? ప్రపంచంలోని ఎలక్ట్రానిక్ సంగీతాభిమానులు ఏళ్ల తరబడి వాదించుకుంటున్న విషయమిది.

ఆరు సెకన్ల మోత

అమెరికాలో ది విన్‌స్టన్స్ అనే బ్యాండు 1969లో ఓ రికార్డు తెచ్చింది. ఒకవైపు ‘కలర్ హిమ్ ఫాదర్’. అది పెద్ద హిట్టు, గ్రామీ అవార్డు కూడా తెచ్చిపెట్టింది. రెండోవైపు ఖాళీగా వదిలేయలేరు కదా! అందుకని ‘ఆమెన్, బ్రదర్’ అని మాటల్లేని ముక్క ఒకటి వాయించి నింపేశారు. దాని మధ్యలో మిగతా వాద్యాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. డ్రమ్మర్ గ్రెగరీ కోల్‌మన్ ఒక్కరే నాలుగు ఆవర్తాలు వాయిస్తారు. సుమారు ఆరు సెకన్లు. అంతే.

ఆ ఆరు సెకన్లే చరిత్ర అయ్యాయి. పాటలోంచి ముక్క కోసి మళ్లీమళ్లీ తిప్పే శాంప్లర్ యంత్రాలు 1980ల్లో చేతికందాక అమెరికా ర్యాప్ కుర్రాళ్లు ఆ మోతను ఎత్తుకున్నారు. 1990ల మొదట్లో లండన్ కుర్రాళ్లు దాన్ని వేగం పెంచి తిప్పి, ముక్కలు చేసి, తిరగేసి అతికించారు. జంగిల్, డ్రమ్ అండ్ బేస్ అని రెండు సంగీత ప్రక్రియలకు అదే వెన్నెముక అయింది. ఇప్పటికి కొన్ని వేల పాటల్లో ఆ మోత వినిపిస్తుంది.

దీనికి కోల్‌మన్‌కి వచ్చింది సున్నా. 2006లో ఆయన నిలువనీడ లేని స్థితిలో, చేతిలో చిల్లిగవ్వ లేకుండా కన్నుమూశారు. తన మోత ప్రపంచాన్ని ఊపేసిందని ఆయనకి తెలిసి కూడా ఉండదంటారు బ్యాండు నాయకుడు రిచర్డ్ స్పెన్సర్. ఆ మాటకొస్తే స్పెన్సర్‌కి మాత్రం ఎప్పుడు తెలిసింది? 1996లో, బ్రిటన్ నుంచి ఎవరో ఒరిజినల్ టేపు కోసం ఫోన్ చేస్తే! అప్పటికే దావా వేసే గడువు దాటిపోయింది. చివరికి 2015లో బ్రిటన్‌కి చెందిన ఓ డీజే ఇంటర్నెట్‌లో చందాలు పోగుచేసి 24 వేల పౌండ్లు స్పెన్సర్‌కి అందేలా చేశాడు. ఆయన 2020లో కన్నుమూశారు.

ఇది పాటలోంచి ముక్క తీసుకున్న కథ. పాటకి పాటే తీసుకుని వాయించే డీజేల సంగతి ఇంతకంటే చిత్రమైనది. ఎందుకంటే ఇక్కడ డబ్బు కడుతున్నవాళ్లు ఉన్నారు. అది చేరాల్సినచోటికి చేరడం లేదు.

కట్టేది క్లబ్బు... చేరేది ఎవరికి?

నలుగురు చేరేచోట రికార్డు మోగిస్తే లైసెన్సు కట్టాలి. చాలా దేశాల్లో చట్టం ఇదే. కట్టాల్సింది డీజే కాదు, క్లబ్బు యజమాని. బ్రిటన్‌లో పీఆర్ఎస్, పీపీఎల్ అనే సంస్థలు, జర్మనీలో గేమా, అమెరికాలో ఆస్కాప్, బీఎంఐ లాంటివి ఆ సొమ్ము వసూలు చేసి పాటల కర్తలకి పంచుతాయి. అమెరికాలో ఇంకో మెలిక. అక్కడ క్లబ్బులో రికార్డు మోగితే స్వరపరచినవాళ్లకే వాటా. రికార్డు చేసినవాళ్లకి చట్టం ఏమీ ఇవ్వదు.

మరింకేం, అంతా సవ్యంగానే ఉంది కదా అనిపిస్తుంది. తిరకాసంతా పంపకంలో ఉంది. రేడియో స్టేషనైతే ఏ పాట ఎన్నిసార్లు వేశారో లెక్క రాస్తుంది. క్లబ్బులో రాత్రి రెండింటికి మోగిన ట్రాకు పేరు ఎవరు రాస్తారు? చీకట్లో డీజేకే సరిగా గుర్తుండదు. పైగా తన దగ్గరున్న అరుదైన ట్రాకుల పేర్లు బయటపెట్టడం చాలామందికి ఇష్టం ఉండదు. అదో వృత్తి రహస్యం! దాంతో వసూలు సంస్థలు ఏళ్ల తరబడి ఉజ్జాయింపు లెక్కలతో, కొన్నిచోట్ల తీసిన నమూనాలతో సరిపెట్టాయి. అలాంటి లెక్కల్లో తేలేవి ఎప్పుడూ పదిమందికీ తెలిసిన హిట్లే. తన గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని నెలంతా కష్టపడి ఓ ట్రాకు చేసిన కుర్రాడి వాటా, వాడి పాట వేసినచోట ఎవరూ ఊసెత్తని సినీ గాయకుడికో పాప్ తారకో పోతుంది.

బెర్లిన్‌లో గొడవ ముదిరింది ఇక్కడే. 2012లో గేమా కొత్త రేట్లు ప్రకటించింది. టికెట్ల రాబడిలో పదిశాతం ఇమ్మంది. టెక్నో క్లబ్బులు భగ్గుమన్నాయి. వేలమంది వీధికెక్కారు. అదే జూన్ నెలాఖరున ఓ రాత్రి దేశంలోని ఎన్నో క్లబ్బులు ఐదు నిమిషాల పాటు పాట ఆపేసి నిరసన తెలిపాయి. భారం ఎక్కువైందన్నది ఒక బాధ. ‘మా దగ్గర మోగే పాటల వాళ్లకి మీరు పంచేదెంత?’ అన్నది అసలు బాధ. ఆ మరుసటి ఏడాది ఏప్రిల్‌లో గేమా నేరుగా డీజేల మీదే పడింది. లాప్‌టాప్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో కాపీ చేసుకుని వాయించే ప్రతి ట్రాకుకీ 13 సెంట్లు కట్టాలంది. వెయ్యి ట్రాకులుంటే 130 యూరోలు. పెద్ద మొత్తమేం కాదు. కానీ అది కూడా మళ్లీ అదే హుండీలోకి!

ఉచితం అలవాటైన వైనం

అసలు డీజేలకి పాట ఊరికే రావాలన్న ఆలోచన ఎక్కడిది? ఇంటర్నెట్ నేర్పిందనుకుంటాం. కాదు. అది 1975 నాటిది. న్యూయార్కులో తన ఇంట్లోనే డిస్కో పార్టీలు నడిపే డేవిడ్ మంకూసో మరికొందరు డీజేలతో కలిసి ఓ ‘రికార్డ్ పూల్’ పెట్టాడు. అప్పటిదాకా డీజేలు రికార్డు కంపెనీల గుమ్మాల చుట్టూ తిరిగి కాపీలు అడుక్కునేవారు. రేడియోలో రాని పాటల్ని కూడా క్లబ్బుల్లో హిట్ చేస్తున్నది మేమే కదా, మా కాపీలు మాకివ్వండన్నారు వాళ్లు. కంపెనీలూ ఒప్పుకున్నాయి. రికార్డులు ఒకచోటికి చేరేవి, సభ్యులు పంచుకునేవారు. వాళ్లు ఎలా ఉందో చెప్పేవారు. ఇద్దరికీ లాభమే.

ఆ బేరంలో ఓ న్యాయం ఉంది. ఇచ్చేవాడు ఇష్టపడి ఇచ్చాడు. పూల్‌లో లేనివాళ్లు దుకాణానికి వెళ్లి కొనుక్కునేవారు. కొనక తప్పేది కూడా కాదు. ప్లాస్టిక్ రికార్డుని ఇంట్లో అచ్చుగుద్దలేరుగా! డీజే అంటే బరువైన రికార్డు పెట్టెలు మోసుకుంటూ తిరిగే మనిషి. ఆ పెట్టెలో ఉన్నదంతా అతని పెట్టుబడి.

2000 తర్వాత పెట్టె పోయి పెన్‌డ్రైవ్ వచ్చింది. ఒక పాట కాపీ చేసినా పదివేలు చేసినా ఖర్చు ఒక్కటే. 2004లో అమెరికాలోని డెన్వర్‌లో బీట్‌పోర్ట్ మొదలైంది. అచ్చంగా డీజేల కోసం పాటలమ్మే వెబ్‌సైటు. ట్రాకు సుమారు ఒకటిన్నర డాలరు. రెండు గంటల కార్యక్రమానికి ముప్ఫై ట్రాకులు కొత్తగా కొన్నా 45 డాలర్లు. ఓ మోస్తరు పేరున్న డీజేకి ఒక రాత్రికి వచ్చే దాంట్లో అదెంత? అయినా ఊరికే దొరికేచోటు పక్కనే ఉంటే పర్సు తీయబుద్ధి కాదు. మనిషి మనిషే.

వాదనలు, వాటి బరువు

డీజేలు చెప్పే మాటల్లో పస లేకపోలేదు. ‘మేం వాయిస్తేనే కదా ఆ పాట పదిమందికి తెలిసేది’ అంటారు. నిజమే. కానీ ప్రచారం కావాలా వద్దా అనేది పాట చేసినవాడు తేల్చుకోవాల్సిన సంగతి. అతనే కాపీ పంపిస్తే సరే. అడక్కుండా తీసుకుని, పైగా నీకే మేలు చేశానంటే ఎలా? ‘క్లబ్బు లైసెన్సు కట్టింది కదా’ అన్నది రెండో మాట. అది పాట మోగించినందుకు. కాపీ సంపాదించుకున్నందుకు కాదు. ‘కొత్తగా వచ్చినవాళ్లం, మాకే రానుపోను ఖర్చులు గిట్టుబాటు కావడం లేదు’ అంటే మాత్రం కాస్త ఆలోచించాలి. కానీ పాట చేసిన కుర్రాడి పరిస్థితి దానికంటే అధ్వాన్నం. అతనికి టికెట్ల రాబడి కూడా లేదు.

అన్నిటికంటే బలమైన వాదన ఇంకొకటుంది. ‘కొంటే మాత్రం ఆ డబ్బు చేసినవాడికి చేరుతుందని నమ్మకమేంటి?’

దీనికి అడ్డంగా తలూపడం కష్టం. హౌస్ సంగీతం పుట్టిన షికాగోనే చూడండి. 1986లో లారీ హర్డ్ చేసిన ‘క్యాన్ యూ ఫీల్ ఇట్’ ఆ సంగీతానికి ఒజ్జబంతి. ఆ పాటల తాలూకు రాయల్టీ తమకు ఇవ్వలేదంటూ హర్డ్, గాయకుడు రాబర్ట్ ఓవెన్స్ 2020లో ట్రాక్స్ రికార్డ్స్ మీద కోర్టుకెక్కారు. 2022లో రాజీ కుదిరింది. పాటల హక్కులు తిరిగి వాళ్ల చేతికొచ్చాయి. పాట పుట్టిన ముప్ఫై ఆరేళ్లకి! ఆ మధ్యకాలంలో ఎందరు డీజేలు ఆ రికార్డు కొనుంటారో, దాంతో ఎన్ని రాత్రులు గడించుంటారో!

అందుకే ఇప్పుడు బ్యాండ్‌క్యాంప్ లాంటి చోట్ల కళాకారుడి దగ్గరే నేరుగా కొనేవాళ్లు పెరిగారు. అక్కడ డిజిటల్ పాట అమ్మితే వెబ్‌సైటు తీసుకునేది 15 శాతం. కరోనా రోజుల్లో, 2020 మార్చిలో, ఓ శుక్రవారం ఆ వాటా కూడా వదిలేసుకుంది. ఆ తర్వాత అలాంటి శుక్రవారాలు చాలానే వచ్చాయి.

మన బరాత్‌లో...

మన దగ్గర డీజే అనగానే గుర్తొచ్చేది క్లబ్బు కాదు, పెళ్లి బరాత్. వ్యాను నిండా స్పీకర్లు, సినిమా పాటకో జానపదానికో తీన్‌మార్ దెబ్బ కలిపిన రీమిక్సు. వింటున్నప్పుడు ఓ సంగతి గమనించే ఉంటారు. పాట మధ్యలో రీమిక్స్ చేసిన డీజే పేరు గట్టిగా వినిపిస్తుంది. పక్కూరి డీజే తన పనిని ఎత్తుకుపోకుండా కాపలా అన్నమాట. అసలు పాట రాసినవాళ్ల పేరు మాత్రం ఎక్కడా వినపడదు!

పెళ్లి ఊరేగింపులో, పెళ్లికి సంబంధించిన వేడుకల్లో పాటలు మోగిస్తే మన కాపీరైట్ చట్టం తప్పుపట్టదు. సెక్షన్ 52లోనే ఆ మినహాయింపు ఉంది. పెళ్లిళ్ల దగ్గర రాయల్టీ వసూలు చేయొద్దని కేంద్ర ప్రభుత్వం 2023 జులైలో మరోసారి గుర్తుచేసింది కూడా. పబ్బులకి, హోటళ్లకి ఆ వెసులుబాటు లేదు. లైసెన్సు తీసుకోవాల్సిందే. ఇక వేదికల సంగతంటారా, 2017లో అమెరికా పర్యటనలో ఉన్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యంకి ఇళయరాజా తరఫున నోటీసు అందినప్పుడు మన ఇళ్లలో జరిగిన వాదోపవాదాలు గుర్తున్నాయిగా! పాడినవాడిదా, కట్టినవాడిదా అని అప్పుడు జుట్లు పట్టుకున్నంత పనైంది. ఇద్దరూ దిగ్గజాలు కాబట్టి అది వార్త అయింది. పేరు లేనివాళ్ల విషయంలో నోటీసు ఇచ్చేదెవరు?

ఐదు శాతం ముచ్చట

ఆ పని డీజేలే చేయాలని నమ్మినాయన ఒకరున్నారు. అమెరికాలోని మినియాపోలిస్‌కి చెందిన జాక్ ఖుటొరెట్‌స్కీ. టెక్నో ప్రపంచంలో డీవీఎస్1గా పేరు. 2022లో ఆయన ఏస్లైస్ అనే సేవ మొదలుపెట్టారు. పద్ధతి చాలా తేలిక. కార్యక్రమం అయ్యాక డీజే తాను వాయించిన ట్రాకుల జాబితా పంపాలి. పెద్ద శ్రమేం కాదు, నేటి యంత్రాలు ఆ జాబితాని వాటంతటవే దాచిపెడతాయి. దాంతోపాటు తన పారితోషికంలో కొంత, ఐదు శాతమైతే బాగుంటుందన్నారు, జమచేయాలి. ఆ సొమ్ముని ఆ రాత్రి మోగిన ట్రాకుల కర్తలకే పంచుతారు. ఉజ్జాయింపు లేదు, హుండీ లేదు, చట్టం బలవంతమూ లేదు.

లెక్క వేస్తే, వెయ్యి డాలర్లు పుచ్చుకున్న డీజే యాభై ఇవ్వాలి. ముప్ఫై ట్రాకులకి పంచితే తలా ఒకటిన్నర డాలరు పైచిలుకు. అంటే ప్రతి రాత్రీ ఆ పాటని మరోసారి కొన్నట్టే. వేలమంది సంగీతకారులకి కలిపి నాలుగు లక్షల డాలర్లకు పైగా ఇలా చేరింది. తమ ట్రాకు ఏ దేశంలో ఎవరు వాయించారో తొలిసారి తెలిసినవాళ్లు వాళ్లలో ఎందరో.

రెండున్నరేళ్లు నడిచింది. 2024 సెప్టెంబరులో మూసేస్తున్నామని ప్రకటించారు. నష్టాలూ, సాంకేతిక ఇబ్బందులూ ఎవరికైనా ఉంటాయి. నిర్వాహకులు చెప్పిన ముఖ్య కారణం వేరు. డీజేల నుంచి తగినంత మద్దతు రాలేదట. చిన్నాచితకా డీజేలు చేరి తమకొచ్చిన దాంట్లోంచి తీసిచ్చారు. ఒక్క రాత్రికి వేల డాలర్లు తీసుకునే పై వరుసలోని వాళ్లలో చాలామంది మాత్రం అటు తొంగిచూడలేదు.